“మా వాడికి ఇది పనిచేస్తుందా సిస్టర్?”
మానసిక వ్యాధులపై జరిగే పరిశోధనలను కుటుంబాలు ఎలా పరిశీలించాలి?



మానసిక రోగుల వార్డు వరండాలో కూర్చున్నవారు మా నర్సులను ఎక్కువగా అడిగే ప్రశ్నలు మూడు.

మొదటిది: “సిస్టర్, ఫలానా ఊళ్ళో ఇచ్చే మందుతో మా బంధువుల అబ్బాయికి పూర్తిగా నయమైందట. మేమూ వెళ్ళమంటారా?”

రెండవది గొంతు తగ్గించి, ఎక్కువగా తల్లులు అడుగుతారు: “నా పెంపకం సరిగా లేకనే నా బిడ్డకు ఈ జబ్బు వచ్చిందా అమ్మా?”

మూడవది: “ఏదో పరిశోధన అంట. కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. పెట్టవచ్చా?”

ఈ మూడు ప్రశ్నలూ వేరువేరుగా కనబడతాయి. కానీ మూడింటికీ మూలం ఒక్కటే. ఒక మాట నిజమో కాదో ఎలా తేల్చుకోవాలి? ఇది డాక్టర్లకు, చదువుకున్నవారికి మాత్రమే సంబంధించిన విషయం అనుకోకండి. బజారులో కంది పప్పు కొనేటప్పుడు చేతిలో పోసుకుని చూస్తారు కదా. మన బిడ్డ మెదడులోకి వెళ్ళే మందును, మన బిడ్డ గురించి చెప్పే మాటను అంతకంటే జాగ్రత్తగా చూడాలి.

కొన్నేళ్ళ క్రితం జరిగిన సంగతి చెబుతాను. స్కిజోఫ్రీనియా ఉన్న ఒక యువకుడు మాత్రలు వాడుతూ బాగానే ఉన్నాడు. ఎవరో చెప్పిన అనుభవం విని, తండ్రి మాత్రలు మాన్పించి ఒక పొడి వాడించాడు. మూడవ నెల చివర ఆ అబ్బాయిని చేతులు కట్టి ఆటోలో తీసుకొచ్చారు. ఆ తండ్రి ఏడుస్తూ అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది: “మొదటి రెండు నెలలూ బాగానే ఉన్నాడమ్మా. అందుకే నమ్మాను.”

ఆయన అబద్ధం చెప్పలేదు. మూర్ఖుడూ కాదు. కళ్ళారా చూసిందే నమ్మాడు. అయితే మాత్రలు మానిన వెంటనే జబ్బు తిరగబెట్టదు, చాలామందిలో వారాలు, నెలలు పడుతుంది. ఆ రెండు నెలలు పొడి వల్ల బాగుండలేదు, అంతకుముందు వాడిన మాత్రల బలం మీద బాగున్నాడు. ఈ తేడా తెలియక ఆ కుటుంబం ఎంతో నష్టపోయింది. అలాంటి నష్టం మీకు రాకూడదనే ఈ పాఠం.

ఒక్కరి అనుభవం ఎందుకు చాలదు?

“మా పక్కింటాయనకు తగ్గింది” అన్న మాటలో మూడు చిక్కులు ఉన్నాయి.

1. మనసు జబ్బులు చాలావరకు ఎక్కువవుతూ తగ్గుతూ ఉంటాయి. మనం కొత్త వైద్యం కోసం పరుగెత్తేది జబ్బు బాగా ముదిరినప్పుడే. ఆ తరువాత కొంత తగ్గడం ఎలాగూ జరుగుతుంది. అప్పుడు ఏది చేతిలో ఉంటే దానికే పేరు వస్తుంది.

2. తగ్గినవారే నలుగురిలో చెప్పుకుంటారు. తగ్గనివారు సిగ్గుతో, బాధతో ఇంట్లోనే ఉంటారు. వారి మాట మన చెవిన పడదు.

3. నమ్మకం, ఆదరణ, కొత్త ఆశ కూడా మనసుకు కొంత మేలు చేస్తాయి. అది మంచిదే. కానీ ఆ మేలు మందుదా, ఆదరణదా అన్నది విడదీసి చూడాలి.

దానియేలు అడిగిన పది దినములు

బైబిలులో దానియేలు గ్రంథము మొదటి అధ్యాయము మనకందరికీ తెలిసినదే. రాజు భోజనము వద్దని, తనకూ తన ముగ్గురు స్నేహితులకూ శాకాహారము, నీళ్ళు ఇచ్చి పది దినములు పరీక్షించమని దానియేలు అడిగాడు. ఆ తరువాత రాజభోజనము తినేవారి ముఖములతో తమ ముఖములను పోల్చి చూడమన్నాడు.

అది దేవుడు వారికి చేసిన మేలు అని మనం నమ్ముతాము. అయితే దానియేలు అడిగిన తీరును గమనించండి. “మమ్మల్ని నమ్మండి” అని ఊరుకోలేదు. పోల్చడానికి వేరే వారిని చూపించాడు. గడువు ముందే పెట్టాడు. ఏమి చూడాలో ముందే చెప్పాడు. అందుకే వైద్య పరిశోధన పాఠాలలో ఈ సంగతిని పోలిక పరీక్షకు తొలి ఉదాహరణలలో ఒకటిగా చెబుతారు.

నేటి లెక్కలో దానిలోనూ లోటు ఉంది. నలుగురే ఉన్నారు. ఎవరు ఏ భోజనము తినాలో చీటీ వేసి నిర్ణయించలేదు. ముఖములు చూసిన అధికారికి ఎవరు ఏమి తిన్నారో ముందే తెలుసు. ఈ లోట్లు ఎందుకు ముఖ్యమో ఇప్పుడు చూద్దాం.

అడగవలసిన ఐదు ప్రశ్నలు

మొదటి ప్రశ్న: ఎవరితో పోల్చి చూశారు?

ఇన్సులిన్ అంటే షుగరు వ్యాధికి ఇచ్చే మందు అని మీకు తెలుసు. ఒకప్పుడు దానిని స్కిజోఫ్రీనియాకు కూడా ఇచ్చేవారు. 1933లో వియన్నా నగరంలో మాన్‌ఫ్రెడ్ సాకెల్ అనే డాక్టరు ఈ పద్ధతిని ప్రకటించారు. ఎక్కువ మోతాదు ఇన్సులిన్ ఇచ్చి రోగిని స్పృహ తప్పేలా చేసి, తరువాత చక్కెర ఎక్కించి లేపేవారు. ఇలా వారాల తరబడి చేసేవారు. ప్రమాదకరమైన వైద్యం అది. కొందరు రోగులు ప్రాణాలు కోల్పోయారు. అయినా చాలామంది మెరుగయ్యారని చెప్పుకున్నారు. అనేక దేశాలలో ఇరవై ఏళ్ళకు పైగా ఈ వైద్యం సాగింది.

1953లో హెరాల్డ్ బోర్న్ అనే యువ డాక్టరు “ఇది నిజంగా పనిచేస్తోందని రుజువు ఎక్కడ?” అని ఒక వైద్య పత్రికలో ప్రశ్నించారు. పెద్దలు చాలామంది ఆయన మీద కోపగించుకున్నారు. 1957లో లండన్‌లో ఆక్నర్, ఆయన తోటి డాక్టర్లు సరైన పరీక్ష చేశారు. రోగులను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ఇన్సులిన్‌తోనూ, రెండవ జట్టుకు వేరే నిద్రమందుతోనూ స్పృహ తప్పించారు. మిగతా సేవ అంతా ఇద్దరికీ ఒకటే. ఫలితం ఏమిటి? రెండు జట్ల మధ్య తేడా కనబడలేదు.

ఒక నర్సుగా ఈ సంగతి నన్ను ఆలోచింపజేస్తుంది. ఇన్సులిన్ వార్డులో ప్రతి రోగి పక్కన నర్సు గంటల తరబడి ఉండేది. లేవగానే తినిపించేది, తుడిచేది, మాట్లాడేది, అందరినీ కలిపి ఆటలాడించేది. మామూలు వార్డులో అడిగే దిక్కు లేని రోగికి అక్కడ ఒక మనిషి దొరికింది. కనబడిన మేలులో ఆ సేవకు చాలా భాగం ఉండి ఉంటుంది. పేరు మాత్రం సూదిమందుకు వచ్చింది. పోల్చడానికి సరైన రెండవ జట్టు లేకపోవడం వల్ల ఇన్నేళ్ళు ఎవరికీ తెలియలేదు.

కనుక “నూటికి అరవైమందికి తగ్గింది” అని ఎవరైనా చెబితే వెంటనే అడగండి: “ఆ వైద్యం తీసుకోని నూరు మందిలో ఎంతమందికి తగ్గింది?” అక్కడ కూడా అరవై అయితే ఆ వైద్యం వల్ల వచ్చిన మేలు సున్నా.

రెండవ ప్రశ్న: జట్లను ఎలా విడదీశారు?

బాగా చదువుకున్నవారిని, ఇంట్లో చూసుకునేవారు ఉన్నవారిని ఒక జట్టులో, ఎవరూ లేనివారిని ఇంకొక జట్టులో పెడితే పోటీ మొదలవకముందే గెలుపు తేలిపోయినట్టే. “ఇష్టమున్నవారికి కొత్త వైద్యం, మిగతావారికి పాతది” అన్నా అదే చిక్కు. ఓపిక, డబ్బు, ఆశ ఉన్నవారే ముందుకు వస్తారు.

అందుకే మంచి పరిశోధనలో చీటీ వేసినట్టుగా విడదీస్తారు. ఇప్పుడు కంప్యూటరు ఆ చీటీ తీస్తుంది. డాక్టరు ఇష్టం గానీ, రోగి ఇష్టం గానీ అందులో ఉండదు. అప్పుడు ధనికులు, పేదలు, జబ్బు ముదిరినవారు, తేలికగా ఉన్నవారు రెండు జట్లలోనూ ఇంచుమించు సమానంగా పడతారు. మనకు తెలియని తేడాలు కూడా సమానమవుతాయి. చీటీ గొప్పతనం అదే.

కొన్నిసార్లు మనుషులకు కాక ఊళ్ళకు చీటీ వేస్తారు. మన పశ్చిమ గోదావరి జిల్లాలోనూ, హర్యానాలోనూ 44 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో డిప్రెషన్, ఆత్మహత్య ఆలోచనల విషయమై జరిగిన పెద్ద పరిశోధన అలాంటిదే. దాని ఫలితాలు 2024లో వచ్చాయి. మానసిక వ్యాధి పట్ల చిన్నచూపు పోగొట్టే ప్రచారం ఒక ఊళ్ళో చేస్తే ఆ ఊరంతా వింటుంది. ఒకే వీధిలో ఒకరికి వినిపించి ఒకరికి వినిపించకుండా ఉండలేము కదా. అందుకే ఆరోగ్య కేంద్రాల వారీగా చీటీ వేశారు.

మూడవ ప్రశ్న: ఫలితం చూసినవారికి ముందే తెలుసా?

మన ఊళ్ళలో గంగిరెద్దును చూశారు కదా. “అయ్యగారికి దండం పెట్టు” అంటే తల ఊపుతుంది. దానికి మాట అర్థమై కాదు, ఆడించేవాని సైగ తెలిసి. జర్మనీలో బెర్లిన్ నగరంలో ఇలాంటి గుర్రం ఒకటి ఉండేది. దాని పేరు హాన్స్. లెక్క అడిగితే కాలి గిట్టతో నేల మీద అన్నిసార్లు కొట్టి జవాబు చెప్పేది. యజమాని మోసగాడు కాదు. గుర్రానికి నిజంగా లెక్కలు వచ్చని నమ్మాడు.

1907లో ఆస్కర్ ఫుంగ్‌స్ట్ అనే మనస్తత్వ పరిశోధకుడు ఒక చిన్న మార్పు చేశాడు. అడిగేవారికే జవాబు తెలియకుండా చేశాడు. అంతే, గుర్రానికి జవాబు రాలేదు. సరైన అంకె దగ్గరకు వచ్చేసరికి అడిగేవారి తల, ఒళ్ళు తెలియకుండానే కొద్దిగా కదిలేవి. గుర్రం అది చూసి ఆగిపోయేది.

ఇది నవ్వుకునే కథ అనుకుంటారేమో. ఇలాంటిదే 1990 తరువాత ఆటిజం పిల్లల విషయంలో జరిగింది. మాట రాని పిల్లల చేతిని సహాయకులు పట్టుకుని అక్షరాల పలక మీద నడిపిస్తే పిల్లలు వాక్యాలు రాస్తున్నారని అమెరికాలో, ఆస్ట్రేలియాలో ప్రచారమైంది. తల్లిదండ్రులు ఆనందంతో కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఆ తరువాత పరీక్ష చేశారు. బిడ్డకు ఒక బొమ్మ, సహాయకునికి వేరొక బొమ్మ చూపించారు. పలక మీద పడిన మాట బిడ్డ చూసినది కాదు, సహాయకుడు చూసినది. ఆ సహాయకులు కూడా మోసగాళ్ళు కారు. తమ చెయ్యే రాస్తోందని వారికే తెలియదు. 1994లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తల సంఘం ఈ పద్ధతికి శాస్త్రీయ ఆధారం లేదని ప్రకటించింది.

కనుక రోగి మెరుగయ్యాడో లేదో చూసే వ్యక్తికి, ఆ రోగి ఏ జట్టువాడో తెలియకూడదు. మందు పరీక్షలలో రోగికి కూడా తెలియకుండా, చూడడానికి ఒకేలా ఉండే ఉత్తుత్తి మాత్ర ఇస్తారు. ఇది అనుమానంతో చేసేది కాదు. మంచివారి కళ్ళు కూడా కోరుకున్నదే చూస్తాయి గనుక చేసేది.

నాల్గవ ప్రశ్న: ఎంతమందిని, ఎంతకాలం చూశారు? మధ్యలో వెళ్ళిపోయినవారి సంగతి ఏమిటి?

1998లో ఇంగ్లండులో ఒక డాక్టరు పన్నెండు మంది పిల్లల గురించి రాస్తూ తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా టీకాకూ ఆటిజానికీ సంబంధం ఉందేమోనన్న అనుమానం రేపాడు. పోలిక జట్టు లేదు. భయపడి చాలామంది తల్లిదండ్రులు టీకాలు మాన్పించారు. 2002లో డెన్మార్క్ దేశంలో అయిదు లక్షలకు పైగా పిల్లల వివరాలు చూశారు. టీకా వేసుకున్నవారిలో ఆటిజం ఎక్కువగా లేదు. మొదటి వ్యాసాన్ని ఆ పత్రిక 2010లో ఉపసంహరించుకుంది. అయినా ఆ భయం నేటికీ మా ఓపీలో వినబడుతోంది. మాట ఎగిరినంత త్వరగా దిద్దుబాటు ఎగరదు.

కాలం సంగతి పైన చెప్పిన యువకుని విషయంలో చూశాము. స్కిజోఫ్రీనియా మందును రెండు వారాలు చూసి తీర్పు చెప్పలేము. ఇక మధ్యలో వెళ్ళిపోయినవారిని లెక్కలోనుంచి తీసేస్తే ఏ వైద్యమైనా గొప్పగా కనబడుతుంది. వంద మంది చేరి, యాభై మంది విసిగి మానేసి, మిగిలిన యాభైలో నలభైమందికి తగ్గితే అది నూటికి ఎనభై కాదు. చేరిన నూరు మందిలో నలభై.

ఐదవ ప్రశ్న: కలిసి కనబడ్డంత మాత్రాన అదే కారణమా?

తల్లుల ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉంది. దయచేసి నిదానంగా చదవండి.

1940ల నుండి 1960ల వరకు, తల్లి ప్రేమ చూపకపోవడం వల్లే బిడ్డకు ఆటిజం వస్తుందని పేరున్న డాక్టర్లు కొందరు రాశారు. ఆ తల్లులకు “ఫ్రిజ్ తల్లులు” అని పేరు పెట్టారు. బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో రాసిన పుస్తకంతో ఈ మాట మరింత వ్యాపించింది. స్కిజోఫ్రీనియా విషయంలోనూ తల్లులనే తప్పుపట్టారు. ఎందరో తల్లులు బిడ్డ జబ్బు ఒక భారం, ఈ నింద రెండవ భారం అయి కుంగిపోయారు.

వారు చేసిన పొరపాటు ఏమిటి? ఆసుపత్రికి వచ్చిన తల్లులను మాత్రమే చూశారు. అలసిపోయి, మాట తగ్గి, ముఖం వాడి ఉన్న తల్లిని చూసి “ఈమె ఇలా ఉంది గనుక బిడ్డ అలా అయ్యాడు” అన్నారు. బిడ్డ అలా ఉన్నాడు గనుక తల్లి ఇలా అయిందేమో అని అడగలేదు. అదే తల్లికి పుట్టిన మిగతా పిల్లలు ఎందుకు బాగున్నారో చూడలేదు.

బెర్నార్డ్ రిమ్లాండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తాను కూడా ఆటిజం ఉన్న బిడ్డకు తండ్రి, 1964లో ఈ వాదాన్ని ఎదిరించి పుస్తకం రాశారు. 1977లో సూసన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రట్టర్ కవలల మీద పరిశోధన చేశారు. ఒకే పోలికతో పుట్టిన కవలలు 11 జతలు, వేరువేరు పోలికలతో పుట్టిన కవలలు 10 జతలు. ఒకే పోలిక కవలలలో 4 జతలలో ఇద్దరికీ ఆటిజం ఉంది. రెండవ రకంలో ఒక్క జతలో కూడా ఇద్దరికీ లేదు. రెండు రకాల కవలలూ ఒకే తల్లి ఒడిలో పెరిగినవారే. కనుక తేడా పెంపకంలో లేదు, పుట్టుకలో ఉంది. ఇది చిన్న పరిశోధనే. కానీ తరువాత జరిగిన పెద్ద పరిశోధనలు పుట్టుకలోని కారణాలే ముఖ్యమని చూపించాయి.

అమ్మా, మీ పెంపకం వల్ల ఈ జబ్బు రాలేదు. ఈ మాట మిమ్మల్ని ఓదార్చడానికి చెబుతున్నది కాదు. సరైన పరిశోధన తేల్చిన మాట.

మరి ఇంటి మాటలకు ఏ ప్రభావమూ లేదా?

ఉంది. జబ్బు రావడంలో కాదు, తిరగబెట్టడంలో. దీనిని కనుక్కున్న తీరు మంచి పరిశోధనకు చక్కని ఉదాహరణ.

మొదటి మెట్టు: 1958లో లండన్‌లో జార్జ్ బ్రౌన్, ఆయన తోటివారు మానసిక ఆసుపత్రి నుండి డిశ్చార్జి అయిన మగ రోగులను గమనించారు. తల్లిదండ్రుల దగ్గరకో భార్య దగ్గరకో వెళ్ళినవారు, అద్దె గదులలోనో తోబుట్టువుల దగ్గరో ఉన్నవారికంటే ఎక్కువగా తిరిగి ఆసుపత్రికి వచ్చారు. తొందరపడేవారైతే “ఇంటికి పంపకండి” అనేవారు. వారు అలా అనలేదు. ఇంట్లో ఏమి జరుగుతోందని అడిగారు.

రెండవ మెట్టు: కుటుంబ సభ్యులతో మాట్లాడి, వారి మాటలలో ఎత్తిపొడుపు, ద్వేషం, అతి కంగారు ఎంత ఉన్నాయో కొలిచే పద్ధతి తయారుచేశారు. 1972లో 101 మంది రోగుల మీద ఫలితం వచ్చింది. ఇవి ఎక్కువగా ఉన్న ఇళ్ళలో తొమ్మిది నెలలలో నూటికి 58 మందికి జబ్బు తిరగబెట్టింది. తక్కువగా ఉన్న ఇళ్ళలో 16 మందికే.

మూడవ మెట్టు: ఇక్కడ మన ఐదవ ప్రశ్న వేయాలి. మాటల వల్ల జబ్బు తిరగబెట్టిందా? లేక జబ్బు తీవ్రంగా ఉన్నవారి ఇళ్ళలోనే విసుగు ఎక్కువా? చూసి చెప్పలేము, చేసి చూడాలి. 1982లో జూలియన్ లెఫ్, ఆయన తోటివారు 24 కుటుంబాలతో ఆ పరీక్ష చేశారు. రోగులందరికీ మందులు ఇచ్చారు. సగం కుటుంబాలకు మాత్రం జబ్బు గురించి పాఠాలు, ఇతర కుటుంబాలతో కూర్చుని మాట్లాడుకునే అవకాశం, ఇంటి దగ్గర సలహా కూడా ఇచ్చారు. తొమ్మిది నెలలలో మామూలు జట్టులో సగం మందికి జబ్బు తిరగబెట్టింది. నేర్చుకున్న కుటుంబాల జట్టులో ఒక్కరికే. ఆ తరువాత అనేక దేశాలలో జరిగిన పరిశోధనలు కూడా కుటుంబానికి నేర్పడం మేలని చెప్పాయి.

నాల్గవ మెట్టు మన దేశానిది. చండీగఢ్‌లో ఇదే కొలతతో చూసి 1987లో ప్రకటించారు. లండన్‌లో సుమారు సగం మంది బంధువులలో ఎత్తిపొడుపులు ఎక్కువగా ఉంటే, చండీగఢ్‌లో నాలుగవ వంతు కంటే తక్కువ మందిలోనే ఉన్నాయి. మన ఇళ్ళలో ఉన్న ఓర్పు వట్టి మాట కాదు, కొలిస్తే దొరికిన బలం. దానిని పోగొట్టుకోకండి. “పని చెయ్యవు, తిని పడుకుంటావు” అని రోజూ అనే బదులు, “పొద్దున ఈ ఒక్క పని చెయ్యి నాయనా” అని అడిగి, చేసినప్పుడు మెచ్చుకోండి. విసుగు వస్తే తప్పు కాదు. కాసేపు బయటికి వెళ్ళి రండి. ఇంకొకరికి బాధ్యత అప్పగించి విశ్రాంతి తీసుకోండి.

ఐదు ప్రశ్నలతో ఒక పరిశోధనను చూద్దాం

గోవాలో డిప్రెషన్ రోగుల మీద జరిగిన పరిశోధన 2017లో ప్రచురించారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చినవారిలో డిప్రెషన్ తీవ్రంగా ఉన్న 495 మందిని తీసుకున్నారు. డాక్టర్లు కాని, శిక్షణ పొందిన స్థానిక సలహాదారులు కొన్ని వారాలపాటు వారితో మాట్లాడి రోజువారీ పనులలోకి మెల్లగా తిరిగి తీసుకువచ్చారు.

ఎవరితో పోల్చారు? డాక్టరు ఇచ్చే చికిత్స ఇద్దరికీ ఇచ్చి, సలహా మాత్రం ఒక జట్టుకే ఇచ్చారు. జట్లు ఎలా? చీటీ పద్ధతిలో. కొలిచినవారికి తెలుసా? తెలియదు. ఎంతమంది మిగిలారు? మూడు నెలల తరువాత 466 మందిని చూడగలిగారు. ఎంతకాలం? మళ్ళీ ఏడాదికి కూడా చూశారు, మేలు నిలిచి ఉంది.

మూడు నెలల ఫలితం: సలహా పొందినవారిలో నూటికి 64 మంది డిప్రెషన్ నుండి బయటపడ్డారు. పొందనివారిలో 39 మంది. ఈ అంకెలను మూడు విధాలుగా చదవండి.

- సలహా వల్ల అదనంగా మేలు పొందినవారు నూటికి 25 మంది. ఇది చాలా మంచి ఫలితం.
- సలహా పొందినా 36 మంది ఇంకా బాధపడుతూనే ఉన్నారు. మంచి వైద్యం కూడా అందరికీ సరిపోదు. మీ మనిషికి తగ్గకపోతే అది మీ తప్పూ కాదు, విశ్వాసలోపమూ కాదు. ఇంకొక వైద్యం ఉంది, మళ్ళీ రండి.
- సలహా లేకుండానే 39 మంది కోలుకున్నారు. ఆ సమయంలో వారి చేతిలో ఏ వేరు ఉన్నా, ఏ పొడి ఉన్నా “దీనితోనే తగ్గింది” అని నిజాయితీగా చెబుతారు. మీరు విన్న మాట ఆ 39 మందిలో ఒకరిది కావచ్చు.

పరిశోధన కాగితం మీద సంతకం పెట్టేముందు

పరిశోధనలు చెడ్డవి కావు. పైన చెప్పిన మంచి సంగతులన్నీ మీలాంటి కుటుంబాలు ఒప్పుకోబట్టే తెలిశాయి. కానీ తెలియకుండా సంతకం పెట్టకూడదు.

2009లో మన ఖమ్మం జిల్లాలో వేలాది మంది బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసే ప్రాజెక్టు జరిగింది. హాస్టళ్ళలో ఉన్న బాలికల విషయంలో తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారని బయటపడింది. 2010లో ప్రాజెక్టు ఆపివేశారు. 2013లో పార్లమెంటరీ సంఘం దీనిని తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదా కాదా అన్నది వేరే ప్రశ్న. అది మంచి టీకాయే. అయినా అడగకుండా చేయడం తప్పు.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 99వ సెక్షన్ ప్రకారం మానసిక రోగిని పరిశోధనలో చేర్చుకోవాలంటే, విషయం తెలిసి స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి ఆ రోగి నుండే తీసుకోవాలి. రోగి సమ్మతి ఇవ్వలేని స్థితిలో ఉంటే రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ అనుమతి అవసరం. “ఇంటి పెద్ద ఒప్పుకున్నాడు” అంటే చాలదు.

ఈ ప్రశ్నలు అడగండి. అడిగినందుకు ఎవరూ కోపగించుకోకూడదు:

1. ఇది చికిత్సా, పరిశోధనా?
2. రెండవ జట్టులో పడితే మా వారికి ఏమి ఇస్తారు? ఇప్పుడు వాడే మందు ఆపుతారా?
3. కష్టనష్టాలు ఏమిటి? నష్టం జరిగితే వైద్యం ఎవరు చేయిస్తారు?
4. మధ్యలో మానుకుంటే మా మామూలు వైద్యానికి ఇబ్బంది ఉంటుందా? (ఉండకూడదు.)
5. నైతిక పరిశీలన సంఘం అనుమతి ఉందా? దేశ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేశారా? మందుల వంటి వైద్య పరీక్షలకు 2009 నుండి ఈ నమోదు తప్పనిసరి.
6. కాగితం తెలుగులో ఉందా? ఇంటికి తీసుకెళ్ళి ఆలోచించుకోవచ్చా?

చేయవలసినవి

- కొత్త వైద్యం గురించి వింటే రాసుకుని, తరువాత ఓపీకి వచ్చినప్పుడు డాక్టరును అడగండి.
- నిద్ర, తిండి, మందు వేసుకున్నది లేనిది, మాట తీరు ఒక నోటుపుస్తకంలో రోజూ రాయండి. జ్ఞాపకం మనల్ని మోసగిస్తుంది, రాసినది మోసగించదు.
- ప్రార్థన చేయండి, మందూ వాడండి. ఈ రెండూ ఒకదానికొకటి శత్రువులు కావు.

చేయకూడనివి

- “బాగున్నాడు కదా” అని డాక్టరుకు చెప్పకుండా మాత్రలు ఆపకండి.
- “వంద శాతం గ్యారంటీ” అన్న చోటికి వెళ్ళకండి. నిజమైన పరిశోధన వంద శాతం అనదు.
- జబ్బుకు తల్లిని గానీ, కోడలిని గానీ, రోగిని గానీ నిందించకండి.

సందేహం ఉంటే, రాత్రివేళ రోగి పరిస్థితి కంగారు పెడితే టెలిమానస్ ఉచిత ఫోన్ నంబరు 14416కు చేయండి. తెలుగులో మాట్లాడతారు.

చివరిగా ఒక మాట. ఆ యువకుడు మళ్ళీ మాత్రలు మొదలుపెట్టి, నెలన్నరకు తేరుకుని ఇంటికి వెళ్ళాడు. వెళ్ళేరోజు తండ్రి నాతో అన్నాడు: “ఇకమీదట ఎవరైనా ఏదైనా చెబితే, ఎంతమందికి తగ్గలేదు అని ముందు అడుగుతానమ్మా.” ఈ పాఠమంతా ఆ ఒక్క మాటలో ఉంది. సమస్తమును పరీక్షించి మేలైనదానిని పట్టుకొనే జ్ఞానము, ఓర్పు ప్రభువు మీ కుటుంబాలకు దయచేయును గాక.